లోకం చూద్దాం రండి: విశాఖ నుంచి భీమిలి దాకా

పిల్లలూ!

కిందటి నెల మనం కొండలెక్కాం. ఈ నెల సముద్రం ఒడ్డు పట్టుకుని వెళదాం. అయితే ఈసారి ప్రయాణానికి ఒక షరతు ఉన్నది. కళ్ళతో ఎంత చూస్తామో, నాలుకతోనూ అంత చూడాలి. ఎక్కడ ఏది తిన్నా, తినేముందు రెండు ప్రశ్నలు అడగాలి. "ఇది ఎక్కడి నుంచి వచ్చింది?" అన్నది మొదటి ప్రశ్న. రెండో ప్రశ్న ఏమిటంటారా? కాస్త ఓపిక పట్టండి. దారిలో ఒక ముసలి తాత చెబుతాడు.

విశాఖపట్నం నుంచి భీమునిపట్నానికి, అంటే మన భీమిలికి, సముద్రం పక్కనే ఒక రోడ్డు పోతుంది. పొడవు సుమారు 30 కిలోమీటర్లు. ఎడమచేతి వైపు కొండలు, కుడిచేతి వైపు బంగాళాఖాతం. బస్సులు లేకపోలేదు. కాని తేగలు కనిపించాయని బస్సు ఆపమంటే ఆపుతారా? అందుకని ఇంటిల్లిపాదీ కలిసి ఒక రోజుకు బండి మాట్లాడుకుందాం. బండి తోలే ఆయనతో ముందే చెప్పుకుందాం: "బాబూ, మాకు తొందరేమీ లేదు. ఆపమన్న చోటల్లా ఆపాలి సుమా!" అని.

ఇవి సంక్రాంతి సెలవులనుకోండి. అమ్మ డబ్బాలో అరిసెలూ జంతికలూ సర్దింది. సీసాలలో మంచినీళ్ళు పోసుకున్నాం. ఒక ఖాళీ సంచి కూడా పెట్టుకున్నాం. అది ఎందుకో సాయంత్రం చూద్దురుగాని. ఇక బయలుదేరుదాం!

తెల్లవారు జామున చేపల రేవుకు చేరాం. ఇంకా చీకటిగానే ఉన్నది, కాని ఇక్కడ ఎవరికీ నిద్ర లేదు. రాత్రంతా సముద్రం మీద ఉన్న మరపడవలు ఒక్కటొక్కటే వచ్చి ఆగుతున్నవి. గంపలు దిగుతున్నవి. పాట మొదలైంది. పాటంటే సంగీతం కాదు, వేలంపాట! ఒకరు ధర అంటే, మరొకరు దాని మీద పెంచుతారు. మీరు రెండు రెప్పలు వాల్చేలోగా గంప చేతులు మారిపోతుంది.

చేపలు తినని ఇళ్ళ పిల్లలు ముక్కు మూసుకోనక్కరలేదు. మనం ఇక్కడికి వచ్చింది చూడటానికి. అవిగో, వీపు మీద చారలతో మెరిసేవి కానాగంతలు. వెండి ముక్కల్లాంటి చిన్నవి కవళ్ళు. వాటికంటే చిన్నవి నెత్తళ్ళు. పళ్ళెంలా బల్లపరుపుగా ఉన్నది చందువ. పొడుగ్గా, బలంగా ఉన్నది వంజరం. అటుపక్క రొయ్యలు, గోళ్ళాడించే పీతలు.

చేపలమ్మే అవ్వనడిగితే మంచి చేపను ఎలా గుర్తుపట్టాలో చెబుతుంది. కన్ను ఉబ్బెత్తుగా, గాజులా మెరుస్తుండాలి. మొప్ప ఎత్తి చూస్తే ఎర్రగా ఉండాలి. వేలితో నొక్కితే పడిన గుంట వెంటనే పూడిపోవాలి. కన్ను లోపలికి పోయి, మొప్ప గోధుమరంగుకు తిరిగితే ఆ చేపను ముట్టుకోకండి!

ఇక్కడ మీకొక సందేహం రావాలి. సముద్రపు నీళ్ళు లీటరుకు సుమారు 35 గ్రాముల ఉప్పుతో ఉంటవి. గంగ, మహానది, గోదావరి, కృష్ణ వచ్చి కలవడంచేత మన బంగాళాఖాతంలో ఉప్పు కొంచెం తక్కువ. అయినా నోట పెట్టలేం. మరి పుట్టినది మొదలు ఆ నీళ్ళలోనే బతికే చేప ఎందుకు ఉప్పగా ఉండదు? చేప ఆ నీళ్ళే తాగుతుంది. కాని ఎక్కువైన ఉప్పును మొప్పల దగ్గర ఉన్న ప్రత్యేకమైన కణాల ద్వారా ఎప్పటికప్పుడు బయటికి తోసేస్తుంది. మొప్పలు గాలి పీల్చడానికే అనుకున్నాం కదూ? అవి ఉప్పు వేరు చేసే యంత్రాలు కూడాను.

ఆరున్నర అయింది. సూర్యుడు నీళ్ళలోనుంచి లేచి వస్తున్నాడు. మనకూ ఆకలి లేచింది.

రోడ్డు పక్కన టిఫిను బండి మీద ఇడ్లీలు పొగలు కక్కుతున్నవి. తినండి, కాని పొట్టలో కాస్త చోటు మిగల్చండి. పక్క బండి మీద కుండలో చోడి అంబలి ఉన్నది. మీరు రాగులు అనేవాటినే ఈ ప్రాంతంలో చోళ్ళు అంటారు. చోడిపిండి పులియబెట్టి, ఉడికించి, మజ్జిగ కలిపి, ఉల్లిపాయ ముక్కలు వేసి గ్లాసులో పోసి ఇస్తారు. కష్టం చేసేవారి కడుపుకు ఇది పెట్టని కోట. వంద గ్రాముల చోళ్ళలో 300 మిల్లీగ్రాములకు పైగా సున్నపు ధాతువు, అంటే కాల్షియం, ఉన్నది. అదే బియ్యంలో చూడబోతే అందులో పదోవంతు కూడా ఉండదు. ఎముకలు గట్టిపడే వయసులో ఉన్న మీకు ఇంతకంటే మంచి పానీయం ఏమున్నది?

బండి కదిలింది. కొంత దూరం పోయాక ఒడ్డున పెద్ద వల లాగుతున్నారు. ఆపమనండి!

ఈ వల సంగతి చూడండి. దాని ఒక కొస తాడు ఒడ్డునే ఉంటుంది. పడవ వలను వేసుకుంటూ సముద్రంలోకి పోయి, అర్ధచంద్రాకారంగా చుట్టి వచ్చి, రెండో కొస తాడును దూరంగా మరోచోట ఒడ్డుకు చేరుస్తుంది. ఇక రెండు తాళ్ళనూ రెండు గుంపులు పట్టుకుని లాగుతారు. లాగేకొద్దీ గుంపులు దగ్గరికి వస్తవి, వల ముడుచుకుంటుంది. అందరూ ఒక్క కంఠంతో పదం అందుకుంటారు. పదం దేనికంటే, అందరి బలమూ ఒకే క్షణాన తాడు మీద పడటానికి. మీరూ ఒక చెయ్యి వేయవచ్చు. అరచేతులు ఎర్రబడితే నన్ను అనకండి!

ఒకసారి నేను ఇలాగే వల లాగడానికి నిలబడ్డాను. గంటకు పైగా లాగాక వల ఒడ్డెక్కింది. చూస్తే, పెద్ద చేపలు రెండు గంపలైనా లేవు. మిగిలినవన్నీ వేలెడంత పిల్లలు. ఒక ముసలి తాత వంగి, బతికున్న పిల్లలను దోసిళ్ళతో ఎత్తి నీళ్ళలోకి వదులుతున్నాడు. నా పక్కనున్న చిన్నపిల్ల, "తాతా, పట్టినవి మళ్ళీ వదిలేస్తావేం?" అని అడిగింది. తాత నవ్వి, "ఈ గుంటల్ని ఇప్పుడే తినేత్తే వొచ్చే యేడు యేటి తింతావమ్మా?" అన్నాడు.

ఆ ప్రాంతంలో గుంటలంటే చిన్నపిల్లలు. తాత మాట విన్నారుగా! అదే మన రెండో ప్రశ్న: "రేపటికి మిగిలిందా?"

అయితే అందరూ ఆ తాతలాగే చేస్తారని అనుకోకండి. చేయనివారు చెడ్డవారని కూడా అనుకోకండి. ఆ పూట వలలో చిన్న చేపలు తప్ప ఏమీ పడకపోతే, ఇంటి దగ్గర కాచుకుని ఉన్న పిల్లలకు ఏం పట్టుకు వెళతారు? ఇది ఒక్కరు తేల్చగలిగే చిక్కు కాదు. అందుకే అందరికీ కలిపి ఒక కట్టుబాటు పెట్టారు. మన తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు, అంటే 61 రోజులు, ఇంజన్లున్న పడవలు వేటకు పోకూడదు. చాలా రకాల చేపలు గుడ్లు పెట్టి పిల్లల్ని చేసే కాలం అది. ఆ రోజుల్లో రాబడి లేని జాలరి కుటుంబాలకు ప్రభుత్వం భృతి ఇస్తుంది. కనుక మీరు వేసవి సెలవుల్లో వచ్చి, "ఇక్కడ చేపలు దొరకవేం?" అని చిరాకు పడకండి. సముద్రానికి కూడా సెలవులు కావాలి గదా!

మళ్ళీ బండెక్కుదాం. రుషికొండ దాటాం. అక్కడి ఇసుక తిన్నెలు ఎంత అందమైనవో! ఇంకొంత దూరం పోయాక ఎడమవైపు ఒక దారి కొండ మీదికి తిరుగుతుంది. ఇదే తొట్లకొండ.

ఈ కొండ మీద ఏమున్నదో చాలా కాలం ఎవరూ పట్టించుకోలేదు. 1976లో నౌకాదళం వారు ఆకాశం నుంచి సర్వే చేస్తుండగా శిథిలాలు కనిపించినవి. 1988 నుంచి 1993 వరకు తవ్వి చూస్తే, రెండువేల ఏళ్ళ కిందటి బౌద్ధారామం బయటపడింది. స్తూపాలు, చైత్యాలు, భిక్షువులు నివసించిన గదులు. వాటితోపాటు శాతవాహనుల సీసపు నాణేలు, రోము దేశపు వెండి నాణేలు కూడా దొరికినవి. రోము ఎక్కడ, భీమిలి దారిలోని ఈ కొండ ఎక్కడ! ఆ నాణేలు చేతులు మారుతూ, ఓడలెక్కుతూ, ఇంత దూరం వచ్చినవి.

కాని మనం తిండి కోసం వచ్చినవాళ్ళం. మనకు కావలసినవి వేరే ఉన్నవి. ఇదిగో, ఇది వాళ్ళ వంటశాల. ఇది అందరూ కలిసి కూర్చుని తినే భోజనశాల. రాతి పునాదులు ఇప్పటికీ ఉన్నవి. బౌద్ధ భిక్షువులకు ఒక నియమం ఉండేది. మధ్యాహ్నం దాటితే మర్నాడు తెల్లవారేదాకా భోజనం చేయకూడదు. మీలో సాయంత్రం నాలుగింటికే వంటింట్లో డబ్బాలు తెరిచేవాళ్ళు ఎంతమంది?

మరి కొండ మీద నీళ్ళో? చుట్టూ కనుచూపుమేర నీరే, కాని తాగడానికి చుక్క లేదు. అందుకని భిక్షువులు రాతిలోనే తొట్లు తొలిచి వానచినుకులు పట్టి ఉంచుకున్నారు. అలాంటివి 11 బయటపడ్డవి. కొండకు ఆ పేరు రావడానికి కారణం ఈ తొట్లే. నాలుగు నెలల వాన ఏడాది పొడుగునా సరిపోవాలి. ఎవరైనా ఒకరు దుబారా చేస్తే వేసవిలో అందరికీ దాహమే. "రేపటికి మిగిలిందా?" అన్న ప్రశ్న వాళ్ళు రోజూ వేసుకునే ఉంటారు.

కొండ అంచున నిలబడి ఒకసారి కిందికి చూడండి. నల్లని రోడ్డు, తెల్లని నురుగు, నీలంగా సముద్రం. సరే, ఇక్కడ అరిసెలు తలా ఒకటి తిని కిందికి దిగుదాం.

భీమిలి చేరేసరికి మధ్యాహ్నమైంది. ఇక్కడ గోస్తనీ నది సముద్రంలో కలుస్తుంది. గోస్తని అంటే ఆవు పొదుగు. ఈ నది అనంతగిరి కొండల్లో పుట్టి, బొర్రా గుహల గుండా ప్రవహించి ఇక్కడికి వస్తుంది. బొర్రాలో సున్నపురాతిని లక్షల ఏళ్ళు కరిగించి, పందిరిళ్ళలాంటి గుహలు చెక్కింది ఈ నీరే. అంత పని చేసి ఇక్కడికి వచ్చేసరికి ఎంత నెమ్మదిగా నడుస్తున్నదో చూడండి!

నది మంచినీరూ, సముద్రపు ఉప్పునీరూ కలిసే ఇలాంటి చోటును మొగ అంటారు. ఎన్నో రకాల రొయ్యపిల్లలూ చేపపిల్లలూ ఇలాంటి మొగల్లో పెరిగి, పెద్దవై, సముద్రంలోకి పోతవి. అంటే ఇది వాటి బడి అన్నమాట. బడిలో చెత్త పోస్తే పిల్లలెలా చదువుకుంటారు?

ఇక భోజనం! ఇంటి వంటలా వండిపెట్టే చిన్న హోటలు చూసుకుందాం. వేడి అన్నం, పప్పు, వంకాయ కూర ఉన్నవి. చేపలు తినేవారికి పులుసు. వడ్డించే ఆయనను, "ఏ చేప?" అని కాక, "ఇవాళ ఏం పడింది?" అని అడగండి. కానాగంతలు పడితే కానాగంతల పులుసే తినాలి. పడని చేప కావాలని పట్టుబడితే, ఎక్కడినుంచో మంచుపెట్టెలో వచ్చింది పెడతారు. అది తినడానికి ఇంత దూరం రావాలా?

చేపల పులుసులో చింతపండు ఎందుకు పోస్తారో తెలుసా? రుచికే కాదు. సముద్రపు చేప చచ్చిన తరువాత సూక్ష్మజీవులు దాని కండలో ఒక క్షారాన్ని తయారుచేస్తవి. నీచు వాసన దానిదే. చింతపండులోనూ నిమ్మకాయలోనూ ఆమ్లం ఉన్నది. ఆమ్లం తగిలితే క్షారం కట్టుబడిపోయి, గాలిలోకి ఎగరదు. ముక్కుకు వాసన రాదు. మన అమ్మమ్మలు రసాయనశాస్త్రం చదవకుండానే ఈ ప్రయోగం కనిపెట్టారు.

భోంచేశాక ఊళ్ళో కాస్త నడుద్దాం. 17వ శతాబ్దంలో డచ్చివారు సముద్రం దాటి ఇక్కడికి వర్తకానికి వచ్చారు. వారి సమాధులు ఇప్పటికీ ఉన్నవి, కొన్ని కోసుగా పైకి లేచి. భీమిలి 1861లోనే మునిసిపాలిటీ అయిన పాత పట్టణం. ఇప్పుడు విశాఖ మహానగరంలో భాగం.

సాయంత్రం నాలుగయింది. తిరుగు దారిలో ఎర్రమట్టి దిబ్బల దగ్గర ఆగుదాం. అబ్బ! ఎవరో కుంకుమ రాశి పోసి, దువ్వెనతో గీసినట్టు లేదూ? ఈ కథ చాలా పాతది. సుమారు 20 వేల ఏళ్ళ కిందట భూమి మీద మంచుయుగం నడుస్తున్నది. సముద్రపు నీరు ఎంతో భాగం మంచుగడ్డలుగా ఉండిపోవడంచేత, సముద్రమట్టం ఇప్పటికంటే 100 మీటర్లకు పైగా దిగువన ఉండేది. ఇవాళ మనం అలలు చూసిన చోటు ఆనాడు ఎండిన ఇసుక మైదానం. ఆ ఇసుకను గాలి ఎత్తి తెచ్చి దిబ్బలు వేసింది. ఇసుకలోని ఇనుము, మీ ఇంటి పెరట్లో పారేసిన మేకు తుప్పు పట్టినట్టే, తుప్పు పట్టి ఎర్రబడింది. తరువాత వాన వచ్చి వాగులు కోసింది. దక్షిణాసియాలో ఇలాంటి దిబ్బలు తమిళనాడులోనూ శ్రీలంకలోనూ తప్ప మరెక్కడా పెద్దగా లేవు. 2014లో వీటిని భూవారసత్వ స్థలంగా ప్రకటించారు.

గాలి వేల ఏళ్ళు కూర్చిన దిబ్బను ఒక లారీ ఒక్క పూటలో ఎత్తుకుపోగలదు. లారీ దాకా ఎందుకు? అంచుల మీద మనం దొర్లితే చాలు, ఆ చోట వాన కొత్త గాడి కోస్తుంది. అందుకని దారి వెంబడే నడుద్దాం. గుర్తుగా ఒక గుప్పెడు ఎర్రమట్టి తీసుకుపోదామని ఎవరికో అనిపించిందే! వద్దు. మనలాంటివాళ్ళు రోజుకు ఎంతమంది వస్తారో, ఎన్ని గుప్పెళ్ళవుతవో లెక్క వేసుకోండి.

దిబ్బల చుట్టుపక్కల తాటిచెట్లు, జీడిమామిడి తోటలు ఉన్నవి. రోడ్డు పక్కన ఒక అవ్వ తేగలు పెట్టుకు కూర్చున్నది. తాటిపండు తిన్నాక టెంకలను వదులు మట్టిలో పాతిపెడతారు. మూడు నాలుగు నెలలకు మొలక నేలలోకి దిగి, పిండితో బలిసి, తేగ అవుతుంది. దాన్ని తవ్వి తీసి, కుండలో పెట్టి, తంపటి వేస్తారు. పీచు తీసి కొరకండి. మధ్యలో చిన్న ఆకు మొలక ఉంటుంది, దాన్ని పిల్లలు చందమామ అంటారు. దాని కోసం అన్నాచెల్లెళ్ళు కొట్టుకోకూడదు! అన్నట్టు, అవ్వ టెంకలన్నీ తేగలకే పాతదు. కొన్నిటిని చెట్టు కావడానికి వదిలేస్తుంది. అడిగి చూడండి.

విశాఖ ఒడ్డుకు వచ్చేసరికి దీపాలు పెట్టేశారు. ఇక చివరి రుచి, మురీ మిక్చరు. మరమరాలలో ఉల్లిపాయ, టమాటా, వేరుశనగ గుళ్ళు, కొత్తిమీర వేసి, నిమ్మకాయ పిండి, పొట్లం కట్టి ఇస్తాడు. మరమరాలు పేలేది ఎందులోనో తెలుసా? వేడి ఇసుకలో! ఇసుక గింజను అన్ని వైపుల నుంచీ ఒక్కసారిగా కాలుస్తుంది. లోపలి తేమ ఆవిరై, గింజను ఉబ్బిస్తుంది.

ఈ ఒడ్డు ఇసుకకు ఇంకొక వంట కూడా వచ్చు. జనవరి నుంచి మార్చి దాకా రాత్రిపూట సముద్రపు తాబేళ్ళు ఇక్కడికి వచ్చి, గుంట తవ్వి, ఒక్కొక్కటి వంద దాకా గుడ్లు పెట్టి, మట్టి కప్పి వెళ్ళిపోతవి. పొదిగేది తల్లి కాదు, ఇసుక. ఇసుక వెచ్చగా ఉంటే ఆడపిల్లలు ఎక్కువ, చల్లగా ఉంటే మగపిల్లలు ఎక్కువ పుడతవి. దాదాపు యాభై రోజులకు పిల్లలు పైకి వచ్చి, వెలుతురు ఉన్న వైపుకు పరుగెత్తుతవి. రాత్రివేళ వెలుతురు ఉండేది సముద్రం మీద గనుక అవి నీళ్ళకు చేరుతవి. కాని రోడ్డు దీపాలు చూసి ఇటు వచ్చినవీ, దారిలో సంచులకూ సీసాలకూ చిక్కినవీ నీళ్ళు చేరవు.

ఇప్పుడు తెలిసిందా ఖాళీ సంచి ఎందుకు తెచ్చామో? పొట్లాల కాగితాలు, తేగ పీచు, సీసాలు అన్నీ అందులో వేయండి. అలా! ఇక మనం వచ్చి వెళ్ళిన గుర్తుగా ఇసుక మీద అడుగులు మాత్రమే మిగిలినవి. వాటిని అల తుడిచేస్తుంది.

పిల్లలూ! మీరు పెద్దవారై, మీ పిల్లలను తీసుకుని ఇదే దారిన రావాలి. అప్పుడూ వలలో కానాగంతలు మెరవాలి, దిబ్బలు ఎర్రగా ఉండాలి, అవ్వ మనవరాలు తేగలు అమ్మాలి. అది జరుగుతుందో లేదో నేను చెప్పలేను. అది తాత దోసిలిలో కొంత ఉన్నది, మన సంచిలో కొంత ఉన్నది.

ఈ నెల మీకు పని: మీ ఇంట్లో ఒక పూట వడ్డించిన ప్రతి వంటకం గురించీ మన రెండు ప్రశ్నలూ అమ్మనో నాన్ననో అడిగి, జవాబులు ఒక కార్డు మీద రాసి పంపండి. వచ్చే నెల మనం ఎడారికి పోదాం. నీళ్ళ సీసా మరవకండి!

మీ మామయ్య